పెట్టెల నిండా ఈగలు, పూత మీద ఒక్కటీ లేదు: ఒక పుచ్చతోట కేసు

తేనెటీగల పెట్టెలు పెంచి పూత సమయంలో తోటలకు అద్దెకివ్వడం, పిందె పట్టడంలో ఇబ్బంది వస్తే రైతులకు సలహా చెప్పడం నా పని. ఎక్కువగా నెల్లూరు, ప్రకాశం జిల్లాల మెట్టలో తిరుగుతుంటాను. "పువ్వులుంటే ఈగలొస్తాయి, ఈగలుంటే పిందె పడుతుంది" అని నేనూ చాలా కాలం సులువుగా చెప్పేవాణ్ణి. ఈ తోటలో పువ్వులూ ఉన్నాయి, ఈగలూ ఉన్నాయి, పిందె మాత్రం పడలేదు. అందుకే ఈ కేసు వివరంగా రాసి పెడుతున్నాను. రైతు పేరు, ఊరు, పెట్టెలు ఇచ్చినాయన వివరాలు వదిలేశాను.

నేపథ్యం

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం. నాలుగెకరాల ఎర్రనేల, బోరు, డ్రిప్పు, మల్చింగ్ షీటు. హైబ్రిడ్ పుచ్చ విత్తనం జనవరి మొదటి వారంలో పెట్టారు. భార్యాభర్తలు, ఆయన తల్లి, ముగ్గురూ పొద్దస్తమానం తోటలోనే ఉంటారు. అంతకు ముందు ఏడాది ఇదే నేలలో కాయ బాగానే కాసింది గానీ దాదాపు మూడో వంతు వంకర పోయింది. ఒక పక్క ఉబ్బి, తొడిమ వైపు సొరకాయలా సన్నబడింది. వాటిని వ్యాపారి కాటా మీదికే రానివ్వలేదు. బోరాన్ లోపమని ఒకరు, కాల్షియం లోపమని ఇంకొకరు చెబితే రెండూ కొట్టారు. తేడా కనిపించలేదు. ఈసారి ఎనిమిది ఇటాలియన్ ఈగల పెట్టెలు అద్దెకు తెచ్చుకున్నారు. ఎకరానికి రెండు చొప్పున, పుచ్చకు అది తక్కువేమీ కాదు.

ఆ పెట్టెలు దిగింది విత్తిన ఇరవై ఆరో రోజున. లారీ ఎలాగూ అటు వస్తోంది కదా అని పెట్టెలాయన ముందే దించి వెళ్లాడు. అప్పటికి తీగలు సాగుతున్నాయే గానీ తోటలో పువ్వు లేదు. పడమటి గట్టు మీద, వేపచెట్టు నీడలో వరసగా పెట్టారు. ఈ వివరం మొదటి రోజు నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను, కానీ దాని బరువు నాకు అప్పుడు తెలియలేదు.

వచ్చిన సమస్య

నలభయ్యో రోజున ఫోన్ వచ్చింది. "సార్, పెట్టెల కాడ చూస్తే తిరునాళ్లలా ఉంది. పూత కాడ చూస్తే ఒక్కటి లేదు. ఇవి నా తోట కోసం వచ్చిన ఈగలేనా?" అన్నారు. గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది. ఆడపూత మొదలై అప్పటికి నాలుగు రోజులు.

పుచ్చకు నాలుగు రోజులంటే చిన్న విషయం కాదు. మగపువ్వు, ఆడపువ్వు ఒకే తీగ మీద వేరువేరుగా పూస్తాయి. మగవి చాలా, ఆడవి కొన్నే. ఏ పువ్వైనా పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, మళ్లీ తెరుచుకోదు. పుప్పొడి జిగటగా ఉంటుంది, గాలికి ఎగరదు. ఆ కొద్ది గంటల్లోనే ఎవరో ఒకరు మోసుకెళ్లి ఆడపువ్వుకు అంటించాలి. ఆడపువ్వు మధ్యలో కీలాగ్రం మూడు తమ్మెలుగా ఉంటుంది. మూడింటి మీదా సమంగా పుప్పొడి పడాలంటే ఒక్కో పువ్వు మీద కనీసం ఎనిమిది సార్లు ఈగ వాలాలని మా పనిలో లెక్క. ఒక పక్క తక్కువ పడితే ఆ పక్క గింజలు కట్టవు. గింజ కట్టని పక్క కాయ ఎదగదు. వంకర వచ్చేది అలాగే.

మర్నాడు ఆరున్నర కల్లా తోటలో ఉన్నాను. పువ్వులు ఏడు దాటాక విచ్చుకున్నాయి. నాలుగు చోట్ల, చోటుకు పది నిమిషాలు నిలబడి, ఎదురుగా ఉన్న ఇరవై అడుగుల బెడ్డు మీద వాలిన ఈగల్ని లెక్కపెట్టాను. మొత్తం ఐదు. అందులో రెండు పెట్టె ఈగలే కావు, కంపల్లో చిన్న పట్టు పెట్టే రకం.

ఒక్కో అనుమానం ఎలా తీసేశాను

ముందు తేల్చుకోవలసింది ఈగల గురించి కాదు. వంకరకు కారణం నిజంగా పుప్పొడి అందకపోవడమేనా, లేక ఎరువులోనే లోపముందా? ఇది తేలకుండా పెట్టెల మీద పడితే రైతు డబ్బు మళ్లీ వృథా. అందుకని ఆ ఉదయమే ఇరవై ఆడపువ్వులకు చేత్తో పుప్పొడి పూశాం. మగపువ్వు తుంచి, రేకులు వెనక్కి మడిచి, పసుపు పొడి రాలే భాగాన్ని ఆడపువ్వు మూడు తమ్మెల మీదా మెల్లగా రుద్దడమే. వాటి తొడిమలకు ఎర్రదారం కట్టాం. పక్కనే ఉన్న ఇంకో ఇరవై పువ్వులకు తెల్లదారం కట్టి, ఈగలకే వదిలేశాం. వారం తర్వాత చూస్తే ఎర్రదారం పదిహేడు నిలిచాయి. నూగు రాలి, నున్నబడి, తల కిందికి వంచి గుండ్రంగా ఊరుతున్నాయి. తెల్లదారం ఆరు మాత్రమే నిలిచాయి, అందులో నాలుగు అప్పటికే పక్కకు తిరిగాయి. ఒకే నేల, ఒకే నీరు, ఒకే ఎరువు. బోరాన్ మాట అంతటితో పోయింది.

వారం ఆగి చూడాల్సిన పరీక్ష అది. ఈలోగా పెట్టెల సంగతి చూడాలి. ఈగలు బలహీనంగా ఉన్నాయా అని రెండు పెట్టెలు తెరిచాను. ఎనిమిదేసి ఫ్రేముల నిండా ఈగలు, మంచి పిల్ల (గదుల్లో ఎదుగుతున్న పిల్ల ఈగలు), గుడ్లు పెడుతున్న రాణి. ఒక ఫ్రేమును అడ్డంగా వంచితే పచ్చి మకరందం నీటిచుక్కల్లా జారింది. గదుల్లో మూత వేయని తాజా సరుకు అది. ఈ ఈగలు ఖాళీగా లేవు. ఎక్కడో గట్టిగా పని చేస్తున్నాయి.

మందు అనుమానం మిగిలింది. తామర పురుగుకని మూడు రోజుల ముందు పొద్దున్నే ఇమిడాక్లోప్రిడ్ కొట్టామని ఆయన దాచకుండా చెప్పారు. ఆ మందు ఈగలకు విషం. ఐరోపా సమాఖ్య 2018లో ఆరుబయటి పంటల మీద దాని వాడకాన్ని నిషేధించింది. కానీ పెట్టెల ముందు చచ్చి పడిన ఈగలు లేవు. పూత మీద మందు కొట్టినా ఈగలు చావలేదంటే, అవి ఆ పూతకు రావడమే లేదని అర్థం. నాకు ఆ ఖాళీ నేల గట్టి సాక్ష్యంగా కనిపించింది.

పెద్దమ్మ, అంటే రైతు తల్లి, ఒక మాట అన్నారు. "అవి మన తోటలోకి వస్తాయి నాయనా. పూతకి కాదు, నీళ్లకి." చూపించారు. డ్రిప్పు పైపు కారుతున్న చోట తడిమట్టి మీద పది పదిహేను పెట్టె ఈగలు వరసగా నీళ్లు పీలుస్తున్నాయి. పక్కనే జానెడు దూరంలో విచ్చుకున్న పుచ్చపువ్వు. దాని వంక ఒక్కటీ తిరగలేదు.

ఈగలు చెప్పిన దారి

మూడో పెట్టె తెరిచి, వాకిలికి దగ్గరి ఫ్రేమును ఎండ సూటిగా పడకుండా పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. మేత నుంచి వచ్చిన ఈగ తోటి ఈగలకు దారి చెప్పేది ఆ ఫ్రేము మీదే. పొట్ట వణికిస్తూ కొంత దూరం సూటిగా నడుస్తుంది, చుట్టు తిరిగి మళ్లీ మొదటి చోటికి వస్తుంది, మళ్లీ నడుస్తుంది. నిట్టనిలువు ఫ్రేము మీద పై దిక్కు అంటే సూర్యుడున్న దిక్కు. వణుకుతూ నడిచేది ఒక సెకను పడితే ఇంచుమించు కిలోమీటరు దూరం. ఈగల నృత్యం అనే ఈ భాషను చదివి చెప్పింది ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ వాన్ ఫ్రిష్. 1973లో నోబెల్ అందుకున్నవారిలో ఆయన ఒకరు.

అప్పుడు టైము ఎనిమిది. ఫిబ్రవరి పొద్దు తూర్పుకు కాస్త దక్షిణంగా ఉంది. నేను చూసిన ఏడెనిమిది ఈగలూ తల కిందికి పెట్టి, నేరుగా కిందికే నడిచాయి. సూర్యుడికి వీపు పెట్టి పొమ్మని అర్థం. అంటే పడమర, కాస్త ఉత్తరం. దూరం కిలోమీటరు లోపే. "అన్నా, అటేముంది?" అని అడిగాను. "చెరువు కట్ట సార్" అన్నారు.

నడిచి వెళ్లాం. కట్ట పొడవునా చిల్లకంప, అదే సర్కారు తుమ్మ, ఆ వారం విరగబూసి ఉంది. చెట్టు కిందికి వెళ్లకముందే హోరు వినిపించింది. లేతపసుపు వెన్నుల మీద మా పెట్టె ఈగలే. ఆయన చెట్ల వంక చూసి, "అయితే నేను అద్దె కట్టింది ఈ కంపకా!" అన్నారు. మళ్లీ తోట దాకా ఏమీ మాట్లాడలేదు.

ఆయన ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఈగ పువ్వు దగ్గరికి ఎందుకు పోతుందో చెప్పాలి. దానికి కావలసినవి రెండు. మకరందం చక్కెర నీరు, ఎగరడానికి శక్తి. పుప్పొడి మాంసకృత్తులు, పిల్లల తిండి. రంగు, వాసన, రేకుల మీది గీతలు ఇవన్నీ ఆ సరుకు ఎక్కడుందో చెప్పే గుర్తులు. ఈగకు ఎరుపు కనిపించదు, మనకు కనిపించని అతినీల కాంతి కనిపిస్తుంది, అది వేరే సంగతి. ఒక పువ్వు దగ్గర రెండు మూడు సార్లు తీపి దొరికితే ఆ రంగునూ వాసననూ కలిపి గుర్తు పెట్టుకుంటుంది. ఏ పువ్వు ఏ వేళకు ఇస్తుందో కూడా గుర్తుంటుంది. ఒకసారి కుదిరాక, అది ఇస్తున్నంత కాలం పక్కనున్న ఇంకో రకం పువ్వు మీదికి అంత సులువుగా పోదు. పుచ్చ అయితే పువ్వు పువ్వుకూ ఎగరాలి, ఒక్కోదానిలో దొరికేది కొద్ది, మధ్యాహ్నానికి అంగడి మూత. కంప దగ్గర ఒక్కో వెన్నుకు ఎన్నో చిన్న పువ్వులు, చెట్టుకు లెక్కలేనన్ని వెన్నులు. తొమ్మిది వందల మీటర్లు ఎగిరినా ఈగకు గిట్టుబాటే. పుచ్చ పూసే నాటికి ఈ పెట్టెలు పది రోజులుగా కంపకు అలవాటు పడి ఉన్నాయి. నా నోట్‌బుక్‌లోని ఆ ఇరవై ఆరో రోజు అప్పుడు గుర్తొచ్చింది.

బెడిసికొట్టిన ప్రయత్నాలు

రెండింటికీ సలహా నాదే, అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదటిది బెల్లం నీళ్లు. పుచ్చలో తీపి చాలడం లేదు కాబట్టి పూత మీద తీపి చల్లుదాం అనుకున్నాను. చాలాచోట్ల చేసే పనే. నలభై రెండో రోజు ఉదయం ఎకరం మేర పిచికారీ చేయించాను. గంటలో ఈగలొచ్చాయి. రైతు ముఖం విచ్చుకుంది. నేను మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఈగలు ఆకుల మీద నాకుతున్నాయి, మల్చింగ్ షీటు మడతల్లో నిలిచిన తీపి నీళ్లు తాగుతున్నాయి. పువ్వులోకి దిగేవి దాదాపు లేవు. ఎందుకు దిగుతాయి? పువ్వు మకరందాన్ని అడుగున దాచుకునేదే, దాన్ని అందుకోవాలంటే ఈగ ఒళ్లు కీలాగ్రానికి రాసుకోవాలని. నేను ఆ తీపిని ఆకు మీద పరిచి పెట్టాను. "పుచ్చాకు తియ్యన" అని ఈగకు నేర్పాను. రెండో రోజుకు చీమలు, జోరీగలు. నీళ్లతో కడిగించి ఆపేశాను.

రెండోది వాసన నేర్పడం. పంచదార పాకంలో ఆ పంట పువ్వులు నానబెట్టి పెట్టెలో పెడితే, ఈగలు ఆ వాసన పట్టుకుని అదే పంటకు పోతాయన్నది పాత పద్ధతి. ఫ్రిష్ కూడా దీని మీద ప్రయోగాలు చేశారు. పుచ్చపువ్వుకు వాసన చాలా తక్కువని తెలిసీ ప్రయత్నించాను, అది ఒక తప్పు. పగటిపూట పెట్టించడం ఇంకో తప్పు. పాకం వాసనకు బలమైన పెట్టెల ఈగలు పక్క పెట్టెల మీద దోపిడీకి పడ్డాయి. వాకిళ్ల దగ్గర పెనుగులాట, నేల మీద చచ్చిన ఈగలు. తడి గుడ్డలు కప్పి, వాకిళ్లు ఒక్క ఈగ పట్టేంతకు తగ్గించి ఆపగలిగాం. ఆ మర్నాడు పూత మీద లెక్క ఏడు. కడుపు నిండా పాకం ఉన్న పెట్టెకు మకరందం మీద ఆకలి తగ్గుతుంది. ఆడపువ్వులో ఉండేది మకరందమే, పుప్పొడి కాదు. ఆ ఆకలినే నేను చంపాను.

ఇంటావిడ తోట చుట్టూ రంగు రిబ్బన్లు కట్టమంటారా అని అడిగారు. వద్దన్నాను. గుర్తు ఎంత పెద్దదైనా దాని వెనక సరుకు లేకపోతే ఈగ రెండోసారి రాదు. కట్ట మీద కంప కొట్టేద్దామని ఆయన అన్నారు. అదీ వద్దన్నాను. ఆ చెట్లు ఆయనవి కావు. పైగా మెట్టలో ఇంకేమీ పూయని నెలల్లో ఈగలను బతికించేది ఆ కంపే. ఈ నాలుగెకరాల కోసం దాన్ని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

ఏది పనిచేసింది

అలవాటు పడ్డ ఈగల మనసు మార్చలేనప్పుడు, అలవాటు పడని ఈగలను తేవాలి. పెట్టెల్ని గట్టు మీంచి తోట మధ్యకు జరిపితే చాలదా అని రైతు అడిగారు. చాలదు. కొద్ది దూరం జరిపితే మేతకు పోయిన ఈగలు పాత చోటికే తిరిగొచ్చి, అక్కడ పెట్టె లేక గుంపుకట్టి చస్తాయి. అందుకని పెట్టెలాయనతో మాట్లాడి, నలభై ఐదో రోజు రాత్రి వాకిళ్లకు జాలీ కొట్టి, ఎనిమిదింటినీ పన్నెండు కిలోమీటర్ల దూరంలోని ఒక నిమ్మతోటకు పంపించాం.

అదే రాత్రి పాతిక కిలోమీటర్ల అవతల నుంచి నా పెట్టెలు నాలుగు తెచ్చి తోట నడిమధ్య దించాను. ఎనిమిదీ ఒకేసారి దించమని రైతు పట్టుబట్టారు. ఒప్పుకోలేదు. కొత్త చోట దిగిన ఈగలు ముందు దగ్గరలో ఉన్నదాన్నే పట్టుకుంటాయి. దూరంలో ఇంకా మంచి మేత ఉందని కనిపెట్టి, దారి చెప్పుకుని, అటు మళ్లడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ కొన్ని రోజులే మన చేతిలో ఉండేది. ఎనిమిదీ ఒకేసారి దించితే అన్నీ ఒకేసారి కట్ట దారి పడతాయి. పిల్ల ఎక్కువున్న పెట్టెల్నే ఏరి తెచ్చాను. పిల్లకు పుప్పొడి కావాలి, అది మగపువ్వులోనే దొరుకుతుంది. పాకం పెట్టలేదు. తాగడానికి పెట్టెల పక్కనే తొట్టిలో గోనెసంచి తడిపి వేశాం. మందు కొట్టక తప్పకపోతే పువ్వులు ముడుచుకున్నాక సాయంత్రం, అదీ నేను చూసి ఒప్పుకున్న మందే అని మాట తీసుకున్నాను.

రెండో ఉదయం పెద్దమ్మ నన్ను పిలిచి ఒక ఆడపువ్వు చూపించారు. ఈగ ఒళ్లంతా పసుపు పొడి. పువ్వు మధ్య బొడిపె మీద వాలి, తల రేకులకూ బొడిపెకూ మధ్య సందులోకి దించింది. తాగుతూ చుట్టూ తిరిగింది. తిరిగిన మేర రొమ్ము కింది నూగు తమ్మెలకు రాసుకుంటూ పోయింది. పది సెకన్లు కూడా పట్టలేదు. లేచి మూడడుగుల అవతల మగపువ్వు మీద వాలింది. ఆవిడ వంగి చూసి, "బొట్టు పెట్టి పోయింది" అన్నారు.

అవే నాలుగు చోట్లు, అదే వేళ లెక్కపెడితే ఆ రోజు నలభై ఒకటి. ఐదో రోజుకు పంతొమ్మిదికి పడిపోయింది. ఫ్రేము తెరిస్తే కిందికి నడిచే ఈగలు మొదలయ్యాయి, కట్ట సంగతి తెలిసిపోయింది. ఆరో రోజు రాత్రి మిగిలిన నాలుగు పెట్టెలు దించాం. తర్వాతి ఉదయం ముప్పై ఎనిమిది. మళ్లీ తెల్లదారం కట్టిన ఇరవైలో పదిహేను నిలిచాయి, ఒక్కటే వంకర. ఆ వారంలో తీగకు కావలసిన పిందె పడిపోయింది.

తేలినవి, తేలనివి

కోతలో వచ్చిన వంకర కాయలు దాదాపు అన్నీ మొదటి పూతవే. ఒకటి గట్టు మీద పెట్టి నిలువుగా కోసి చూపించాను. ఉబ్బిన పక్క నల్ల గింజలు వరసగా ఉన్నాయి, సన్నబడ్డ పక్క తెల్లటి తాలు గింజలు. రైతు ఆ రెండు ముక్కలూ పక్కన పెట్టి అటూ ఇటూ చాలాసేపు చూశారు.

అయినా మొదటి పూత పోయింది. కోత వారం పైగా వెనకబడింది, ముందు కోసేవాళ్లకు దొరికే ధర ఆయనకు దొరకలేదు. అందులో మూడు రోజులు నా బెల్లం నీళ్లవీ, పాకానివీ. నృత్యం చూసిన రోజే పెట్టెలు మార్చి ఉండాల్సింది. కారణం కళ్లముందు కనిపించాక కూడా, ఖర్చు తక్కువని సులువైన దారి వెతికాను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. పెట్టెలు మార్చడం, ఉదయం మందు మానడం రెండూ ఒకే వారంలో జరిగాయి. దేని వల్ల ఎంత మేలు జరిగిందో ఈ తోటలో విడదీసి చెప్పలేను. ఐదో రోజు లెక్క పడిపోయి, కొత్త పెట్టెలతో మళ్లీ లేవడం చూస్తే పెట్టెల వాటాయే పెద్దదని నా నమ్మకం.

అప్పటి నుంచి నా ఒప్పంద కాగితంలో పెట్టెలు దించే తేదీ రాయడం మానేశాను. ఆడపూత కనిపించాకే మొదటి సగం, ఐదారు రోజులకు రెండో సగం అని రాస్తున్నాను. ఒప్పుకునే ముందు రెండు కిలోమీటర్ల చుట్టుపక్కల ఆ నెలలో ఏం పూస్తుందో తిరిగి చూస్తున్నాను.

మరుసటి ఏడాది ఫిబ్రవరి మొదట్లో ఆయన ఫోన్ చేశారు. "సార్, మగపూత వచ్చింది. ఆడపూత ఇంకా రెండు బెడ్లలోనే. పెట్టెలు ఇప్పుడే తేవద్దు" అన్నారు. వెనక నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "కట్ట మీద కంప పూసిందని కూడా చెప్పరా." మొదటి నాలుగు పెట్టెల్ని ఇంకో నాలుగు రోజులు ఆపాను.